మంగళం అయ్యాక లేవలేకపోతున్నాను: నడుము నొప్పితో కచేరీలు చేస్తున్నవాళ్ళు చెప్పండి

తొప్పి_గుంకి
నవంబర్ 4, రాత్రి 10.52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. నాకు 43 ఏళ్ళు, విజయవాడలో ఉంటాను, మృదంగం వాయిస్తాను. పదిహేడో ఏట నుంచి కచేరీలు చేస్తున్నాను.

పోయిన ఆదివారం ఒక సభలో రెండున్నర గంటల కచేరి. తనియావర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, బాగానే కుదిరింది. మంగళం అయింది, గాయకుడు లేచారు, వయొలిన్ ఆయన లేచారు, నేను లేవలేకపోయాను. నడుము కింద ఎవరో మేకు దిగగొట్టినట్టు ఉంది. మృదంగానికి సంచి తొడుగుతున్నట్టు, తాడు ముడి పడనట్టు నటిస్తూ అయిదు నిమిషాలు అక్కడే ఉన్నాను. కార్యదర్శి గారు శాలువా పట్టుకుని వస్తే కూర్చునే తల వంచాను. ‘ఎంత వినయమో చూడండి’ అని మైకులో చెప్పారు.

నొప్పి నడుము కింద కుడివైపు మొదలై పిర్ర మీదుగా తొడ వెనక దాకా లాగుతుంది. పొద్దున్నే ముఖం కడుక్కోవడానికి కుళాయి మీదికి వంగితే ప్రాణం పోయినంత పనవుతోంది. ఎమ్మారై తీయిస్తే ఎల్‌4, ఎల్‌5 పూసల మధ్య డిస్కు ఉబ్బిందన్నారు. చూసిన డాక్టరు గారు ‘నేల మీద కూర్చోవడం పూర్తిగా మానేయండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మీరేం పని చేస్తారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

డిసెంబర్‌లో చెన్నైలో ఆరు కచేరీలు ఒప్పుకుని ఉన్నాను. ఆ వెంటనే త్యాగరాజ ఆరాధనలు. కుర్చీ మీదో ఎత్తు పీట మీదో కూర్చుని వాయిస్తున్న మృదంగం వాళ్ళు ఎవరైనా ఉన్నారా? నడుముకు బెల్టు కట్టుకుంటే గట్టెక్కుతానా? ఈ సంగతి సభల వాళ్ళ చెవిన పడితే ‘ఆయనకు నడుము పోయిందట’ అని పిలవడం మానేస్తారేమోనని భయం. అందుకే మారుపేరుతో రాస్తున్నాను.

కమాను
నవంబర్ 4, రాత్రి 11.30

మీ శాలువా సంగతి చదివి నవ్వొచ్చింది, ఆ వెంటనే బాధా వేసింది. నేను వయొలిన్ వాయిస్తాను, హైదరాబాద్. కుడికాలు ముందుకు పెట్టి, వయొలిన్ తలను పాదం మీద ఆనించి, ఒళ్ళంతా ముందుకు వంచి రెండు గంటలు. మీకు నొప్పి కుడివైపు, నాకు ఎడమవైపు. మెడ అదనం.

నాలుగేళ్ళ కిందట నేనూ మీలాగే దాచాను. ఇప్పుడు ఒక గట్టి దుప్పటిని నాలుగు అంగుళాల ఎత్తు వచ్చేలా మడిచి దాని మీద కూర్చుంటున్నాను. నడిమధ్యన కాదు, ముందు అంచు మీద. మోకాళ్ళు తుంటి కంటే కిందికి దిగుతాయి, నడుము తనంతట తనే నిలబడుతుంది. మెత్తటి దిండు పనికిరాదు, పావుగంటలో అణిగిపోతుంది. దుప్పటి కనబడకుండా పైన ముఖమల్ గుడ్డ కప్పుతాను. మూడు రంగులు కుట్టించి పెట్టుకున్నాను, సభ తివాచీని బట్టి.

పాతరసికుడు
నవంబర్ 5, ఉదయం 6.15

నేను వాద్యకారుణ్ణి కాను, యాభై ఏళ్ళుగా వింటున్నవాణ్ణి. ఒకప్పుడు కచేరి అంటే నాలుగు గంటలు, అయిదు గంటలు. ఏ మృదంగ విద్వాంసుడూ పీట అడగలేదు. ఎవరి నడుమూ పట్టుకుపోలేదు. ఇప్పటి వాళ్ళు పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని, సాయంత్రం ఓ గంట సాధన చేసి, నొప్పి అంటున్నారు. ఒంటిని అలవాటు చేస్తే అదే మాట వింటుంది. పైగా కుర్చీలో కూర్చుని మృదంగం వాయిస్తే చూడటానికే ఎబ్బెట్టు. ఉన్నమాట అన్నానని కోపం తెచ్చుకోకండి.

గజ్జెలు_చిరతలు
నవంబర్ 5, ఉదయం 9.40

పాతరసికుడు గారూ, పెద్దవారు, నమస్కారం. మా నాన్నగారు హరిదాసు. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే ఒంటిగంట దాకా నిలబడి, గజ్జె కట్టిన కాలితో తాళం వేస్తూ కథ చెప్పేవారు. జనం ‘ఆయనది ఉక్కు శరీరం’ అనుకుంటూ ఇళ్ళకు వెళ్ళేవారు. ఆ ఉక్కు శరీరం ఇంటికి వచ్చాక మా అమ్మ ఇసుక మూటను పెనం మీద వేడిచేసి తెల్లవారేదాకా కాపడం పెట్టేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయన నడుము తొక్కడం నా పని. కాలు జారకుండా గోడ పట్టుకుని తొక్కేదాన్ని. అప్పుడూ నొప్పులున్నాయండీ. మీరు వేదిక ముందున్నారు, మేము ఇంట్లో ఉన్నాం.

ఇప్పుడు నేనూ హరికథ చెబుతున్నాను. నిలబడే పని కాబట్టి నా బాధ వేరు. పిట్టకథ వచ్చినప్పుడల్లా వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాను. నడవడం కోసమే ఒక పిట్టకథ ఎక్కువ చెప్పిన రోజులూ ఉన్నాయి.

భుజాన_డోలు
నవంబర్ 5, మధ్యాహ్నం 2.05

మాది సన్నాయి మేళం, పశ్చిమ గోదావరి. మాఘమాసంలో ఒక్క రోజే రెండు మూడు ముహూర్తాలు తగులుతాయి. మాకు కుర్చీ వేసేవాళ్ళు లేరు, మంచినీళ్ళు కూడా రెండోసారి అడిగితేనే. నడిచేటప్పుడు డోలు బరువు అంతగా తెలియదు. పెళ్ళికొడుకు కారు కదలక ఒకేచోట ముప్పావుగంట నిలబడి వాయించాల్సి వస్తే అప్పుడు విరుగుతుంది నడుము. నేను భుజం పట్టాను వెడల్పు చేయించి లోపల కంబళి ముక్క కుట్టించాను. ఇద్దరం డోళ్ళ వాళ్ళం వంతులు వేసుకుంటాం, సందు మలుపు రాగానే మారతాం.

తమ్ముడూ, ఒకటి అడుగుతాను. నొప్పి మొట్టమొదట వచ్చింది కచేరీలోనా, ప్రయాణంలోనా?

తొప్పి_గుంకి
నవంబర్ 5, సాయంత్రం 7.20

అన్నగారూ, మీరు అడిగేదాకా నేను ఆ వైపు ఆలోచించనే లేదు. అక్టోబర్‌లో చెన్నై నుంచి రాత్రి బస్సులో వచ్చి తెల్లవారుజామున బెంజి సర్కిల్ దగ్గర దిగాను. బస్సు కింద సామాన్ల అరలో మృదంగం పెట్టె లోపలి మూలకు జరిగిపోయింది. డ్రైవరు తొందరపెడుతున్నాడు. నడుము దాకా లోపలికి దూరి, ఒంటిచేత్తో లాగి, లాగుతూనే పక్కకు తిరిగాను. కలుక్కుమంది. ఆ రోజు రెండు నొప్పి మాత్రలు వేసుకుని సాయంత్రం కచేరి చేశాను. ఇందాక పెట్టెతో సహా తూచాను, 13.5 కిలోలు. పురుష గాత్రానికి వాడే తగ్గు శ్రుతి మృదంగం అది. స్త్రీ గాత్రానికి వాడేది పొట్టిది, తేలిక. ఆ రోజు రెండూ నా వెంట ఉన్నాయి.

వెన్నుపూస_వీణ
నవంబర్ 5, రాత్రి 10.10

నేను విశాఖలో ఫిజియోథెరపిస్టును. చిన్నప్పుడు ఆరేళ్ళు వీణ నేర్చుకుని వదిలేశాను, ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. నేను రాసేది వైద్యానికి బదులు కాదు. మీ పని ఏమిటో చెప్పి డాక్టరుకు మళ్ళీ ఒకసారి చూపించుకోండి. వీలైతే మృదంగం వెంట తీసుకెళ్ళి ఎలా కూర్చుంటారో చూపించండి.

ముందు భయపడాల్సినవి. మలమూత్రాల మీద పట్టు తప్పినా, మూత్రం రాకుండా బిగుసుకుపోయినా, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం ఎత్తలేక ఈడుస్తున్నా అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళాలి, కచేరి ఉన్నా సరే. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి ఉంటే ఆలస్యం చేయవద్దు. ఇవేవీ లేకపోతేనే మిగతాది చదవండి.

డిస్కు ఉబ్బిందన్న మాటకు బెదిరిపోకండి. నడుము నొప్పి లేనివాళ్ళ స్కాన్లను పోగుచేసి 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 20 ఏళ్ళ వాళ్ళలో 30 శాతం మందికి, 80 ఏళ్ళ వాళ్ళలో 84 శాతం మందికి ఆ ఉబ్బు ఉంది. మీ కాలి లాగుడు దానివల్లే కావచ్చు. అయినా అలాంటివి చాలావరకు కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో కోత లేకుండానే సర్దుకుంటాయి. మంచం పట్టి పడుకుంటే మాత్రం ఆలస్యమవుతుంది.

ఇక కూర్చోవడం. బాసింపట్టు అనండి, మఠం వేసుకోవడం అనండి, తుంటి కీళ్ళు బిగుసుకున్న మనిషి నేల మీద అలా కూర్చుంటే కటి ఎముక వెనక్కి ఒరుగుతుంది, దానితో పాటు నడుము విల్లులా వంగుతుంది. కమాను గారి దుప్పటి దాన్నే ఆపుతోంది. మీరైతే ఒక కాలు చాచి ఒక కాలు మడుస్తారు, ఒళ్ళు రెండు వైపులా సమంగా ఉండదు. అది వాద్యం లక్షణం, మార్చలేం. కానీ కదలకుండా ఉండటం వాద్యం లక్షణం కాదు.

ఇక్కడే మృదంగం వాళ్ళతో నాకో పేచీ ఉంది. గాయకుడు తోడి రాగం అందుకుని ఇరవై నిమిషాలు ఆలాపన చేస్తాడు. తర్వాత వయొలిన్ పది నిమిషాలు. ఆ అరగంటా మీకు వాయించే పని లేదు. మీరేం చేస్తారు? వాద్యం మీద చేతులు పెట్టుకుని బొమ్మలా కూర్చుంటారు, తల మాత్రం ఊపుతారు. అరగంట అలా ఉండి, బిగుసుకున్న ఒంటితో ఒక్కసారిగా పల్లవిలోకి దూకుతారు. ఆ అరగంట మీదే, వాడుకోండి. మృదంగాన్ని నెమ్మదిగా పక్కకు జరిపి కాలు మార్చుకోండి. చేతులు వెనక్కి ఆన్చి రొమ్ము విప్పండి. ఒక పిర్ర మీద నుంచి ఇంకో పిర్ర మీదికి బరువు మార్చండి. ఎవరూ చూడరు, అందరూ తోడిలో ఉంటారు.

ఇంట్లో సాధన చేసేటప్పుడు 25 నిమిషాలకు ఒకసారి లేచి నడవండి. మోహరాలు, కోర్వైలు లాంటి కొత్త లయ కూర్పులు కూర్చుకునే పని చేతులతో కాదు కదా, నిలబడి నోటితో చెప్పుకోండి. రోజూ పది నిమిషాలు వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలు పైకెత్తడం, చేతులూ మోకాళ్ళ మీద వంగి ఎదురెదురు చేయి, కాలు చాచి పట్టి ఉంచడం చేయండి. కాలి లాగుడు పిక్క దాకా దిగితే ఆపి చూపించుకోండి. తొడ వెనక నుంచి పిర్ర వైపుకు ఎక్కితే, అంటే నొప్పి కింది నుంచి పైకి ముడుచుకుంటే, అది మంచి గుర్తే.

బెల్టు అడిగారు. దీర్ఘకాలపు నడుము నొప్పికి 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో బెల్టులను మామూలు వైద్యంగా వాడవద్దనే ఉంది. ఒక్క ప్రయాణానికి ధైర్యం కోసం కట్టుకుంటానంటే కాదనను. కచేరికి ముందు మాత్ర మింగడం అలవాటు చేసుకోవద్దు. కడుపులో పుండ్లు, మూత్రపిండాల మీద భారం, రక్తపోటు. వాటి జాబితా మీ డాక్టరు చెబుతారు.

కమాను
నవంబర్ 5, రాత్రి 10.48

ఫిజియో గారూ, ఆ అరగంట మృదంగానికే. ఆలాపనలో నేను గాయకుడి వెంట నీడలా ఉండాలి. నాకు దొరికేది తనియావర్తనం ఒక్కటే. తొప్పి గుంకి గారూ, ఎప్పుడైనా మనిద్దరం ఒకే వేదిక మీద కలిస్తే తని కాస్త పొడిగించండి. పక్కన ఎడమ మోకాలు చాచుకుని తాళం వేసేది నేనే.

ఉప్పుటేరు
నవంబర్ 6, ఉదయం 8.00

ఇంత చర్చ ఎందుకండీ. మా ఊరి పక్కన ఒకాయన ఉన్నాడు. బోర్లా పడుకోబెట్టి మోకాలితో ఒక్క పోటు పొడిస్తే ‘టక్’ మని పూస సర్దుకుంటుంది. నూట యాభై రూపాయలు.

వెన్నుపూస_వీణ
నవంబర్ 6, ఉదయం 8.35

వద్దు. కాలిలోకి లాగుతున్న మనిషి నడుము మీద మోకాలు పెట్టించుకోవద్దు. ఆ నూట యాభై రూపాయల తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్ళను చూశాను. పూసలు ఊరికే పక్కకు తప్పి, పొడిస్తే లోపలికి పోయేవి కావు.

వీణ_డాలస్
నవంబర్ 7, ఉదయం 5.25

నేను డాలస్‌లో పిల్లలకు వీణ నేర్పుతాను. ఇక్కడి పిల్లలకు నేల మీద కూర్చోవడమే కొత్త. పది నిమిషాలకు కాళ్ళు తిమ్మిరెక్కి ఏడుపు ముఖం పెడతారు. మొదటి ఏడాది కుర్చీలో కూర్చోబెట్టి, వీణను పొట్టి బల్ల మీద పెట్టి నేర్పుతున్నాను. నాదంలో తేడా ఉందా అంటే ఉంది. బల్ల తన మోత తాను మోగుతుంది, కింద కంబళి పరవాలి. అంతకన్నా పెద్ద తేడా ఎడమ తొడకు వీణ తగలకపోవడం. నేను ముప్పై ఏళ్ళుగా శ్రుతి చూసుకునేది చెవితో అనుకున్నాను, సగం తొడతోనే అని అప్పుడు తెలిసింది. మృదంగానికీ పాదానికీ మధ్య అలాంటిదేమైనా ఉందా? ఉంటే కుర్చీ వల్ల అది పోతుంది. ఆలోచించుకుని మారండి.

గోదారి_సభ
నవంబర్ 7, రాత్రి 9.15

రాజమహేంద్రవరంలో ఒక చిన్న సభ నడిపేవాళ్ళలో నేనొకణ్ణి. మా వైపు సంగతి ఒకటి చెబుతాను. పీట అడిగారని ఏ కళాకారుణ్ణీ మేము మానేయలేదు. కచేరి రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసి ‘లేవలేకపోతున్నాను’ అన్నవారిని మాత్రం మరుసటి ఏడు పిలవడానికి వెనకాడాం. వారం ముందు చెబితే ఇంకో మృదంగం చూసుకునేవాళ్ళం, ఆయన పరువూ దక్కేది.

మా తప్పూ ఒప్పుకుంటాను. చాలా చోట్ల వేదిక అంటే రెండు బల్లలు కలిపి పైన పల్చటి జంఖానా. రెండు బల్లల సందు సరిగ్గా మృదంగం వాళ్ళ కిందే పడుతుంది. పరుపు వేయమని ఇప్పటిదాకా ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు. అడగండి.

పాతరసికుడు
నవంబర్ 8, ఉదయం 6.10

గజ్జెలు గారి మాట మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. నిన్న సాయంత్రం ఒక కచేరికి వెళ్ళాను. రాగం మొదలుకాగానే మృదంగం అబ్బాయిని చూశాను. నిజంగానే బొమ్మలా కూర్చున్నాడు. ఇరవై నాలుగు నిమిషాలు, గడియారం చూశాను. ఆ ఇరవై నాలుగు నిమిషాల్లో నేను కాలు మీద కాలు ఆరుసార్లు మార్చాను. నేను కూర్చుంది చేతులున్న మెత్తటి కుర్చీలో అని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

గజ్జెలు_చిరతలు
నవంబర్ 8, ఉదయం 7.02

బాబాయి గారూ, మీరు ఈసారి ముందు వరసలోనే కూర్చోండి. మా హరికథకు కూడా రండి.

తొప్పి_గుంకి
డిసెంబర్ 30, రాత్రి 11.15

చాలామంది విడిగా అడుగుతున్నారు కాబట్టి జరిగింది రాస్తున్నాను.

ఆరింటిలో నాలుగు కచేరీలు చేశాను. రెండు మా శిష్యుడికి అప్పగించాను. గోదారి సభ గారి మాట పట్టుకుని నవంబర్ నెలాఖరుకే ఇద్దరు కార్యదర్శులకు ఫోన్ చేసి చెప్పాను. ఒకరు ‘అయ్యో, నాకూ అదే’ అని పావుగంట తన నడుము కథ చెప్పారు. ఇంకొకరు సరే అని పెట్టేశారు. వచ్చే ఏడు పిలుస్తారో లేదో తెలియదు.

కొత్త డాక్టరు దగ్గరికి మృదంగం తీసుకెళ్ళాను. బయట కూర్చున్న రోగులంతా లోపల ఏదో భజన ఉందనుకున్నారు. ఆయన పాదం బలం, మడమ బలం చూసి, నేల మానక్కర్లేదు, వరుసగా రెండు గంటలు కూర్చోవడం మానండి అన్నారు.

దుప్పటి విషయంలో మొదట బోల్తాపడ్డాను. కమాను గారు చెప్పినట్టు నాలుగు అంగుళాల ఎత్తు వేసుకుని కూర్చున్నాను. నేను పైకి లేచాను, మృదంగం కిందే ఉండిపోయింది. చేతులు అందక ఇంకా ఎక్కువ వంగాను, రెండు రోజులు మళ్ళీ మంచమే. వయొలిన్‌కు కుదిరిన ఎత్తు మృదంగానికి కుదరదని అప్పుడు తెలిసింది. దుప్పటిని రెండు అంగుళాలకు తగ్గించి, కుడి పాదం కింద మడిచిన తువ్వాలు పెట్టాను. అప్పుడు వాద్యం నాతో పాటు లేచింది. కానీ తొప్పి, అంటే ఎడమ వైపు, వాలు మారిపోయి వారం రోజులు గుంకి (ఆ వైపు పలికే మంద్ర నాదం) పలకలేదు. ఎడమ మణికట్టు ఎక్కడ నొక్కాలో దానికి తెలుసు, ఆ చోటు మారింది. డాలస్ గారి వీణ, తొడ మాట అప్పుడు గుర్తొచ్చింది. తువ్వాలును ఒక మడత తీసేస్తే మళ్ళీ పలికింది. ఆ మడత కోసం ఎనిమిది రోజులు పట్టింది.

రాత్రి బస్సులు మానేసి పగటిపూట పినాకిని రైల్లో వెళ్ళాను. గంటకోసారి తలుపు దాకా నడిచి వచ్చాను. చక్రాల పెట్టె కొన్నాను. రెండో మృదంగాన్ని అక్కడి స్నేహితుడి దగ్గర తీసుకున్నాను.

ఆలాపనలో కాలు మార్చుకోవడం మాత్రం చాలా కష్టమైంది. మొదటి కచేరీలో గాయకుడు కాంభోజి రాగం పాడుతుంటే చేయి మృదంగం మీద నుంచి తీయడానికే పది నిమిషాలు తటపటాయించాను. మా గురువుగారు వెనక నుంచి చూస్తున్నట్టు అనిపించింది. నాలుగో కచేరికి మృదంగం పక్కకు జరిపి, చేతులు వెనక్కి ఆన్చి కూర్చుని విన్నాను. ఇన్నేళ్ళలో కాంభోజిని అంత సావకాశంగా ఎప్పుడూ వినలేదు.

నొప్పి పోలేదు. తొడ దాకా వచ్చేది ఇప్పుడు పిర్ర దగ్గరే ఆగుతోంది. పొద్దున ముఖం కడుక్కోగలుగుతున్నాను. మంగళం అయ్యాక లేవడానికి ఇప్పటికీ ఒక చేయి కావాలి, కానీ ఇప్పుడు అడుగుతున్నాను.

పుష్య బహుళ పంచమికి ఆరాధనలో త్యాగరాజ పంచరత్న కీర్తనలు. అయిదూ ఆది తాళమే, నాట నుంచి శ్రీరాగం దాకా దాదాపు గంట. మృదంగాల వాళ్ళం పది మంది దాకా ఉంటాం. వరాళి కీర్తన దగ్గర నేను లేచి ఓ చుట్టు నడిచి వచ్చినా తాళం ఎక్కడికీ పోదు. కమాను గారూ, ఎరుపు ముఖమల్ ఎక్కడ కొన్నారో చెప్పండి. మా సభ తివాచీ ఎరుపే.

కమాను
డిసెంబర్ 30, రాత్రి 11.40

కోఠీలో. మీటరు తీసుకుంటే సరిపోతుంది, దుప్పటి రెండు అంగుళాలే కదా. మిగిలిన ముక్కతో తువ్వాలు కూడా చుట్టండి.